పులియును సూదితూనీగయును

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు మాతృభాషను గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు మాటలాడుట మన సభలలో వాడుక. ఆ విషయములను నాకంటె సమర్థముగ చెప్పగల పెద్దలు ఈ వేదికపై పలువురున్నారు. నేను ప్రకృతిశాస్త్రము బోధించువాడను. కనుక నాకు తెలిసిన రెండు ప్రాణులను మీ ముందు నిలిపి, వానిని పోల్చి చూపెదను. ఒకటి పెద్దపులి. రెండవది మన చెరువుగట్టున గడ్డిపరకపై వ్రాలు సన్నని తూనీగ. ఈ రెంటికిని నక్కకు నాకలోకమునకు ఉన్నంత దూరమున్నదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. దూరమున్నమాట నిజమే. కాని రెండును వేటాడి బ్రతుకునవే. రెండును మనము కాపురముండు ఈ రాష్ట్రములందున్నవే. ఒకదానిని ప్రభుత్వమువారు తలలెంచి కాపాడుచున్నారు. రెండవదానిని మనము చూచియు చూడకున్నాము. ఈ భేదము న్యాయమా, దీనివలన మన పిల్లలకు నష్టమేమైన కలదా యనునదే నేటి ప్రశ్న.

ముందుగ పేర్ల సంగతి. తరతరములుగ తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనకు ఒక భాగ్యమున్నది. ఇంటిలో ఒక పేరు, వీధిలో ఇంకొక పేరు విని పెరుగుదుము. తెలుగున పులి, తమిళమునను పులియే. కన్నడమున హులి. మన పాలు అచ్చట హాలు అయినట్లే మన పులి హులి అయినది. మలయాళమున పులియన్నచో తరచుగ చిరుతపులి. పెద్దపులిని వారు కడువ యందురు. ఒరియావారు బాఘ మనియు, మరాఠీవారు వాఘ్ అనియు అందురు. ఈ రెండును సంస్కృతములోని వ్యాఘ్ర శబ్దమునకు బంధువులు. తూనీగ విషయమున మరియొక విశేషమున్నది. తెలుగున లావుపాటి దానిని, సన్నని దానిని ఒకే పేరున తూనీగ యనుచున్నాము. తమిళులు లావుపాటి దానిని తట్టాన్ అనియు, సన్ననిదానిని ఊసిత్తట్టాన్ అనియు వేరుచేసిరి. ఊసి యనగా సూది. మరాఠీవారు మొదటిదానిని చతుర్ అనియు, రెండవదానిని టాచణి యనియు అందురు. టాచణి యనగా గుండుసూది. ఇరుగుపొరుగు భాషలు రెండును సూదితోనే పోల్చినవి గనుక నేనును నేడు సూదితూనీగ యనెదను. పొరుగువాని భాషనుండి ఒక మంచిమాట తెచ్చుకొనుటవలన మన భాషకు లోటు రాదు.

సూదితూనీగను గుర్తించుట చిన్నపిల్లలకును సులభము. లావుపాటి తూనీగ వ్రాలినపుడు రెక్కలను విమానమువలె చాచియే యుంచును. సూదితూనీగలు చాలవరకు రెక్కలను వీపుమీద ఒకదానికొకటి చేర్చి మూయును. మొదటిదాని కన్నులు నడినెత్తిన కలిసికొనునంత పెద్దవి. రెండవదాని కన్నులు సుత్తికి ఇరుకొనలవలె ఎడముగ నుండును. మొదటిదానికి వెనుకరెక్క మొదట వెడల్పుగ నుండును. రెండవదానికి ముందురెక్కలును వెనుకరెక్కలును ఇంచుమించు ఒకే రూపున నుండును. మొదటిది ఆకసమున దూసికొనిపోవును. రెండవది గడ్డిపై మోకాలెత్తున మెల్లగ తేలిపోవును.

సూదితూనీగలలో ఒక్కదానినే తీసికొందము. పసుపుపచ్చని దేహము, లేతాకుపచ్చని కన్నులు గలిగి, చెరువులు, మడుగులు, తోటలు ఉన్నచోట కనబడునది యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అందురు. కోరమండల్ అను పేరు చోళమండల శబ్దమునుండి వచ్చినదని పలువురి అభిప్రాయము. అనగా తమిళనాడునుండి ఆంధ్రమువరకు గల మన తూర్పుతీరపు పేరే ఆ కీటకమునకు పెట్టబడినదన్నమాట. పులికి లోకమంతట బెంగాలుపులి యని పేరువచ్చినట్లు దీనికి కోరమండల తీరము పేరు వచ్చినది. ఈ పేర్ల వెనుక గురుశిష్యుల కథ యున్నది. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1758లో పులికి శాస్త్రీయనామ మొసగెను. ఆయనయొద్ద చదివిన ఫాబ్రీషియస్ 1793లో తూనీగల కుటుంబమంతటికి ఓడొనేటా యని పేరుపెట్టి, 1798లో మన కోరమండల తూనీగను వర్ణించెను. ఓడొనేటా యనగా పండ్లు గలవి యని యర్థము. వీని దవడల వాడిమినిబట్టి ఆ పేరు వచ్చినది. తరువాత సైనిక వైద్యుడైన ఫ్రేజరు మనదేశపు తూనీగలన్నింటిని గూర్చి 1933, 1934, 1936 సంవత్సరములలో మూడు సంపుటములు వెలువరించెను. ఇప్పటికిని ఆ శాస్త్రము చదువువారు వానిని తెరువక తప్పదు.

ఇక పరిమాణము. పెద్ద మగపులి ముక్కునుండి తోక కొనవరకు తొమ్మిది పది అడుగులుండును. బరువు రెండువందల కిలోగ్రాములు, కొన్నింటియందు అంతకు మించియు నుండును. కోరమండల తూనీగ పొడవు సుమారు ఒకటిన్నర అంగుళము. బరువు గ్రాములో స్వల్పాంశము. త్రాసులో ఒకవైపున పులిని నిలిపినచో రెండవవైపున లక్షలకొలది తూనీగలను పోయవలసి యుండును. పిల్లలు నన్ను తరచుగ ఒక ప్రశ్న యడుగుదురు: తూనీగ పులియంత యేల పెరుగరాదు? ఇది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. హాల్డేను అను మహాశాస్త్రజ్ఞుడు 1926లో ప్రాణుల తగిన పరిమాణమును గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసమే వ్రాసెను. ఆయన 1957లో మనదేశమునకు వచ్చి, భారతపౌరుడై, 1962లో భువనేశ్వరము చేరి, 1964 డిసెంబరు 1వ తేదీన అచ్చటనే దివంగతుడయ్యెను. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహము వైద్యవిద్యార్థుల చదువునకై కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు పంపబడినది. యానామునకు సమీపముననే యున్న ఆ పట్టణమునకు ఒడిశానుండి వచ్చిన ఆ దానమును మన పిల్లలు తెలిసికొనదగును.

ఆయన విడమరచిన లెక్క చాల సులువైనది. ఒక ప్రాణిని అదే ఆకారముతో పదిరెట్లు పొడవు పెంచితిమనుకొందము. దాని చర్మపు వైశాల్యము నూరురెట్లగును, బరువు వేయిరెట్లగును. కాలు ఎంత మోయగలదనునది ఆ కాలి లావుమీద, అనగా అడ్డుకోత వైశాల్యముమీద ఆధారపడును. అదియు నూరురెట్లే పెరిగినది. కావున ఆ కాలిమీద భారము మునుపటికి పదిరెట్లు పడును. రెక్కలకును ఇదే గతి. అందుచేత పులియంత తూనీగ ఎగురుట యటుంచి లేచి నిలువనైన నిలువలేదు. ఊపిరి సంగతియు ఇట్టిదే. పులికి ఊపిరితిత్తులున్నవి, ఎఱ్ఱని రక్తము ప్రాణవాయువును దేహమంతటికి మోసికొనిపోవును. తూనీగకు ఊపిరితిత్తులు లేవు. దేహపు ప్రక్కలనున్న సన్నని రంధ్రములనుండి గాలిగొట్టములు లోనికి చీలిపోయి ప్రతి కండరమునకును గాలి నందించును. చిన్నదేహమునకు ఈ యేర్పాటు చక్కగ సరిపోవును, పెద్దదేహమునకు చాలదు. పులిని తూనీగయంత చేసినను అదియు బ్రతుకదు. వెచ్చని రక్తముగల ప్రాణి అంత చిన్నదైనచో దేహపువేడి క్షణములో ఆరిపోవును. ఎంత తినినను చాలదు. కావున ఎవరి పరిమాణము వారికి తగినది. చిన్నది యగుట కొఱత కాదు, పెద్దది యగుట ఘనత కాదు.

దేహనిర్మాణమును చూడుడు. పులికి ఎముకల గూడు లోపల నున్నది. దానిపై కండలు, ఆపై చర్మము. తూనీగకు గూడు వెలుపలనే యున్నది. దేహమంతయు కవచము, కండలు ఆ కవచమునకు లోపలినుండి అంటియుండును. పులి చారలు మన వ్రేలిముద్రలవంటివి. ఒకదాని చారలు మరియొకదానికి ఉండవు. డాక్టరు ఉల్లాస్ కారంత్ నాగరహొళె యడవిలో దారిప్రక్కన కెమెరాలు అమర్చి, ఆ చారలనుబట్టి పులులను లెక్కించు పద్ధతిని మనదేశమున నెలకొల్పిరి. తూనీగ రెక్కయు గొప్ప యంత్రమే. నాలుగు రెక్కలును వేరువేరు కండలచే ఆడింపబడును. అందుచే అది ముందునకును వెనుకకును పోగలదు. గాలిలో ఒక్కచోటనే నిలువగలదు. దాని ఒక్కొక్క కన్ను వేలకొలది చిన్నకన్నుల కూర్పు.

వేట సంగతి విన్నచో ఆశ్చర్యపడుదురు. వేటయనగానే మనకు పులియే తలపునకు వచ్చును. నక్కి నక్కి దగ్గరకు చేరి, పొదమరుగున పొంచి, ఒక్క దూకున మెడ పట్టుకొనుట దాని విద్య. గోళ్లను ఒరలోనికి లాగుకొనగలదు గనుక నడకలో చప్పుడుండదు. అయినను పులి పదిమారులు దూకినచో ఒక్కసారి ఫలించుట మేలే. తక్కినవేళల జింక పారిపోవును, పులి పస్తుండును. తూనీగల కుటుంబమున లావుపాటి వానిని పరిశీలించినవారు, అవి పట్టదలచిన పురుగులలో నూటికి తొంబదికి పైగ పట్టుచున్నవని కనుగొనిరి. సూదితూనీగ అంతటి వేగము గలది కాదు. అది గడ్డిపై కూర్చున్న పురుగును ఏరుకొనును. ఎగురుచున్న దోమను ముండ్లుగల కాళ్లతో బుట్టవలె పట్టుకొనును. ఆ కాళ్లు నడకకు పెద్దగ పనికిరావు. పట్టుటకు, పట్టుకొని వ్రాలుటకు మాత్రమే. వరిచేలలో సుడిదోమ మున్నగు పైరు పురుగులను తిను సూదితూనీగలును కలవు. కూలి అడుగక రైతునకు కావలి కాయుచున్నవి.

సంతానపోషణమున ఈ రెండింటి దారులు పూర్తిగ వేరు. ఆడుపులి సుమారు మూడున్నర నెలలు గర్భము మోసి, రెండు మూడు పిల్లలను కనును. పుట్టినపుడు వానికి చూపుండదు. తల్లి వానిని నోట కరచుకొని చోటు మార్చును, పాలిచ్చును, పిదప మాంసము చూపును, వేట నేర్పును. ఒకటిన్నర రెండు సంవత్సరములు తల్లివెంట తిరిగినగాని పులిపిల్ల పులి కాదు. తూనీగతల్లి యట్లు చేయదు. నీటిమొక్క కాడకు సన్నగ గాటుపెట్టి అందులో గ్రుడ్డుంచి వెడలిపోవును. బిడ్డ ముఖమైన చూడదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల నీటిలోనే పెరుగును. తోకచివర మూడు ఆకులవంటి మొప్పలుండును. క్రిందిపెదవి మడచిన చేయివలె ముఖము క్రింద దాగియుండును. ఎర దగ్గరకు వచ్చినపుడు కనురెప్పపాటున ముందునకు సాగి కొక్కెములతో పట్టుకొనును. దోమపిల్లలు దానికి ప్రీతియైన ఆహారము. పెరిగినకొలది పదిమార్లు, అంతకు పైగ కుబుసము విడిచి, చివర ఒకనాడు కాడవెంట నీటిపైకి ఎగబ్రాకును. వీపు చీలి అందుండి రెక్కల తూనీగ వెలువడును. సీతాకోకచిలుకకువలె నడుమ గూటిదశ లేదు. ఆ రెక్కల బ్రతుకు కొలదివారములే. మనము చూచెడి తూనీగ దాని జీవితములో చివరి యంకము మాత్రమే. తక్కిన కథయంతయు నీటిలో జరిగినది.

తల్లిదండ్రులారా! ఇచ్చట ఒక్కక్షణము ఆగుడు. పులి తన బిడ్డకు చదువిచ్చుచున్నది. తూనీగ తన బిడ్డకు చదువీయలేదు. అది యీయగలిగిన ఆస్తి యొక్కటే, మంచినీరు. ఆ నీటిని మనము పాడుచేసినచో ఆ బిడ్డకు వేరు దిక్కు లేదు. మనుష్యులమైన మనము బిడ్డలకు రెండును ఈయవలసినవారము. బడిలో చదువు మేమిత్తుము. కాని చదివిన పిల్లవాడు నిలుచుటకు మంచినీరు, మంచిగాలి గల ఊరు మీరును మేమును కలిసి నిలుపవలసియున్నది.

ప్రాచీనతను చూచినచో తూనీగయే పెద్దముత్తైదువ. పులిజాతికి చెందిన పాత శిలాజములు చైనాలో దొరకినవి సుమారు ఇరువదిలక్షల యేండ్లనాటివి. తూనీగల పూర్వబంధువులు ముప్పది కోట్ల యేండ్లనాడే ఈ భూమిపై ఎగిరినవి. అప్పటికి పక్షులు లేవు, రాక్షసబల్లులు లేవు, పూవులైన లేవు. వానిలో మెగన్యూరా యనుదాని రెక్కల విస్తారము రెండడుగులకు పైగ నుండెడిది. ఆనాటి గాలిలో ప్రాణవాయువు నేటికంటె అధికముగ నుండుటచేతనే అంతటి కీటకములు బ్రతుకగలిగెనని పలువురు శాస్త్రజ్ఞుల తలంపు. ఇంతకుముందు చెప్పిన గాలిగొట్టముల లెక్కతో ఇది సరిపోవుచున్నది.

ఇప్పుడు కాపాడుట యను విషయమునకు వత్తము. మనదేశమున 1972లో పులులను లెక్కింపగా 1,827 మాత్రమే యున్నట్లు తేలెను. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల సంరక్షణ పథకము తొమ్మిది అరణ్యములలో ఆరంభమైనది. వానిలో కర్ణాటకపు బండీపురము, ఒడిశాలోని సిమిలిపాల్, మహారాష్ట్రములోని మేల్‌ఘాట్ ఉన్నవి. తమిళనాట కలక్కాడు-ముండన్‌తురై 1988లో చేరినది. 2025 నాటికి దేశమున ఇట్టి అరణ్యములు 58 అయినవి. నడుమ తప్పుదారులును లేకపోలేదు. అడుగుజాడలనుబట్టి లెక్కించిన పాతపద్ధతి నమ్మదగినది కాదని, 2005లో రాజస్థానములోని సరిస్కాయందు ఒక్క పులియు మిగులలేదని తెలిసినపుడు రుజువైనది. క్రొత్తపద్ధతిలో 2006లో 1,411 పులులు లెక్కకు వచ్చెను. 2022లో కనీసము 3,167, సగటు అంచనా 3,682. ఆ 2022 లెక్కలో కర్ణాటకమున 563, మహారాష్ట్రమున 444, తమిళనాట 306, ఆంధ్రప్రదేశమున 63, తెలంగాణమున 21, ఒడిశాలో 20. యాబదియేండ్ల పట్టుదల ఫలించినది. అడవియంచున కాపురముండి పశువులను, ఒక్కొక్కపుడు మనుష్యులనే పోగొట్టుకొన్న పేదలు ఈ ఫలితమునకు మూల్యము చెల్లించిరన్నమాటను పట్టణవాసులమైన మనము మరువరాదు.

సంఖ్య ఒక్కటియే చాలదు. సిమిలిపాల్ పులులలో కొన్నింటికి చారలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయి దేహము నల్లగ కనబడును. 2021లో ఉమా రామకృష్ణన్ గారును వారి సహచరులును ఇందుకు కారణమైన జన్యువును గుర్తించిరి. లోకమున మరెచ్చటను అరుదైన ఈ లక్షణము అచ్చటి పులులలో మూడవవంతునకు పైగ నున్నది. హేతువేమనగా, ఆ గుంపు చిన్నది. ఇతరారణ్యముల పులులతో రాకపోకలు తెగిపోయి ఒంటిగ మిగిలినది. దూరమున మిగిలిన చిన్నగుంపు చిరకాలము బ్రతుకవలెనన్నచో, తనవారితో రాకపోకల దారి తెరచియుండవలెను. తెలుగునాటికి దూరముగ తెలుగు బడి నడుపుకొనుచున్న మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మరి తూనీగ? దానికి తలల లెక్క లేదు, ప్రత్యేకారణ్యము లేదు. మనదేశమున తూనీగల జాతులు సుమారు 500. పశ్చిమ కనుమలలో ఈ దశాబ్దమునను క్రొత్తజాతులు కనుగొనబడుచునే యున్నవి. అనగా పేరైన పెట్టకముందే కొన్ని అంతరించిపోవు ప్రమాదమున్నది. 2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రపంచములోని 6,016 తూనీగజాతుల స్థితిని మొదటిసారి ఒక్కచోట చేర్చి ప్రకటించెను. వానిలో నూటికి 16 జాతులు అంతరించు ప్రమాదముననున్నవి. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములలో నాలుగవవంతునకు పైగ నున్నవి. కారణము వేటగాడు కాడు. చిత్తడినేలలు, చెరువులు, అడవివాగులు కనుమరుగగుటయే కారణము. మన కోరమండల తూనీగకు నేడు ఆపద లేదు. అది ఓర్పుగలది, మామూలు మడుగులోను బ్రతుకును. కాని మడుగు మాయమైనచోట ఓర్పు ఏమిచేయును?

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపుడు. పులికొఱకు కాచిన అడవి పులికొఱకు మాత్రమే కాదు. ఒక్క పులికి సంవత్సరమునకు సుమారు యాబది జింకలంతటి ఆహారము కావలెను. ఆ యాబదియు ఏటేట లభించుటకు ఐదువందల జంతువుల మంద బ్రతికియుండవలెను. ఆ మందకు గడ్డియు, గడ్డికి నీరును కావలెను. కావున పులియున్న అడవి యనగా నీరున్న అడవి. బండీపుర, నాగరహొళె యడవుల నడుమ కబిని ప్రవహించి కావేరిలో కలియును. కలక్కాడు-ముండన్‌తురై కొండలనుండి తామ్రపర్ణి దిగివచ్చి తిరునెల్వేలి చేలను తడుపును. సిమిలిపాల్ కొండలనుండి బుఢాబలంగా నది దిగును. ఆ నీటిచివరనున్న కాలువలలో, చెరువులలో, వరిమడులలో సూదితూనీగ కాపురముండును. నీటిమొదట కావలి పులిది. నీటిచివర సాక్ష్యము తూనీగది. అడవినుండి నీరు మంచిదై వచ్చినను, ఊరిచెంత మనము దానిలో మురుగు కలిపితిమా, ఆ సంగతి మొదట తెలియునది నీటిలో పెరుగు ఇట్టి చిన్న ప్రాణులకే. వేసవిలో బండీపురపు నీటిగుంటలో పులి నడుములోతున కూర్చుండి సేదదీరునప్పుడు, ఆ గట్టునున్న తుంగపరకపై తూనీగ వ్రాలియుండును. ఆ రెండింటికిని ఆధారము ఆ ఒక్క నీరే.

పులికి మన సంస్కృతిలో స్థానమునకు లోటులేదు. దసరాకు తెలుగుదేశమున పులివేషములు, మంగళూరు ప్రాంతమున హులివేష, తమిళనాట పులియాట్టము, బరంపురమున ఠాకురాణి యాత్రకు బాఘనాచ. అనంతామాత్యుని భోజరాజీయములో గోవ్యాఘ్ర సంవాదమున్నది. కన్నడిగుల పిల్లలకు పుణ్యకోటి ఆవు కథ కంఠస్థము. రెండును సత్యమునకు కట్టుబడిన ఆవును, దానిముందు తలవంచిన పులిని చూపునవే. మనపిల్లలు రెండుభాషలలోను ఆ కథ వినగలరు. కాని తూనీగకు వేషము లేదు, కావ్యకథ లేదు. దానికి పిల్లలిచ్చిన సన్మానము తోకకు దారముకట్టి ఎగురవేయుట, కాళ్లకు చిన్నరాయినిచ్చి మోయించుట. కాళ్లు విరిగిన తూనీగ వేటాడలేదు, ఆకలిచే చచ్చును. పులితో అట్లాడుటకు ధైర్యము లేక మనము పులిని గౌరవించుచుంటిమా యని ఒక్కొక్కపుడు నాకు సందేహము కలుగును. ఎదురుతిరుగలేని ప్రాణియెడల పిల్లవాడెట్లు నడచుకొనునో దానినిబట్టియే వాని చదువును కొలువవలెను.

తూనీగవలన ప్రయోజనమేమని కొందరు పెద్దలు నన్నడిగిరి. దోమలను తినునని చెప్పితిని, వారు తృప్తిపడిరి. కాని అది సగము సమాధానమే. ప్రయోజనమునుబట్టియే బ్రతుకుహక్కు వచ్చునన్నచో పులివలన మనకు చేతికి వచ్చు లాభమేమి? పులియొక జాతి, తూనీగయొక జాతి. ఒక్కొక్కటియు లక్షలయేండ్ల కాలము చెక్కిన పనితనము. ఒకసారి పోయినచో రెండవది చేయుటకు మనకు శక్తి లేదు. బాలి పులియు, జావా పులియు గత శతాబ్దముననే పోయినవి. వానిని తిరిగి తెచ్చువారు లేరు.

కావున తల్లిదండ్రులను మూడు కోర్కెలు కోరుచున్నాను. మొదటిది: పిల్లలు చెరువుగట్టున కూర్చుండి తూనీగలను చూచెదమన్నచో కాలము వ్యర్థమని కసరకుడు. అయితే నీటియొద్దకు ఒంటరిగ పంపకుడు; సెలవుదినమున ఒక గంట మీరే వెంట పొండు. పులిని చూచుటకు దూరపు అరణ్యమునకు ధనము వెచ్చించి పోవలెను, పోయినను కనబడునన్న నమ్మకము లేదు. తూనీగను చూచుటకు ఓపిక యొక్కటి చాలును. రెండవది: తోకకు దారముకట్టు ఆటను మాన్పింపుడు. పట్టుకొనకుండ చూచుటయే చూపు, బొమ్మగీసికొనుమనుడు. మూడవది: పిల్లలు చూచిన ప్రతి ప్రాణికిని తెలుగుపేరును, ఈ ఊరి భాషలోని పేరును ప్రక్కప్రక్కన వ్రాయింపుడు. అమ్మమ్మ, నాయనమ్మల నడిగినచో బడిపుస్తకములలో లేని పేర్లు దొరకును. ఆ పేర్లు వారితోనే పోవునన్న భయమున్నది. పురుగు పోయినతరువాత పేరు మిగిలినను, పేరు పోయినతరువాత పురుగు మిగిలినను, రెండును లోటే.

సంఘ పెద్దలకు ఒక్క విన్నపము. మన పత్రికలో ఏటేట పరీక్షాఫలితములు ప్రకటించుచున్నాము. వానితోపాటు మన విద్యార్థులు ఆ సంవత్సరము ఊరిచెరువునొద్ద చూచిన తూనీగల పట్టికను, తేదీలతో, ఒక్క పుటలో అచ్చువేయింపుడు. పది సంవత్సరములు గడచునప్పటికి ఆ పుటలన్నియు ఒక్కచోట చేర్చినచో, ఈ చెరువు బాగుపడుచున్నదో పాడగుచున్నదో చెప్పగల సాక్ష్యము మన బడియొద్ద నుండును. పులులను లెక్కించుటకు ప్రభుత్వమున్నది. ఈ చిన్నలెక్క మన పిల్లలది.